నొప్పికి సాక్షి

లోకములోని బాధలలో పెక్కింటికి బయటి సాక్ష్యము కలదు. జ్వరము వచ్చినవాని నొసటిపై చేయి వేసినచో వేడి తెలియును. ఎముక విఱిగినచో ఎక్స్‌రే చిత్రమున విఱుగు కనబడును. ఆకలిగొన్నవాని ముఖము చూచి పొరుగువాడు గ్రహింపగలడు. నొప్పికి మాత్రము అట్టి సాక్ష్యము లేదు. అది రక్తపరీక్షలో దొరకదు, త్రాసులో తూగదు. అనుభవించువాడు నోరు తెఱచి చెప్పిన మాటయే దానికి ముఖ్యసాక్షి. వినువాడు ఆ మాటను నమ్మినచో నొప్పి ఉన్నట్లు. నమ్మనిచో, లోకము దృష్టిలో, అది లేనట్లే.

నాలుగు దినములలో తగ్గిపోవు నొప్పికి ఈ లోపము వలన పెద్ద నష్టము లేదు. పన్ను పీకించుకొన్నవాడు, చేయి కాల్చుకొన్నవాడు ఎట్లో ఓర్చుకొనును. అంతలో గాయమే మానిపోవును. కాని మూడు మాసములు దాటినను విడువని నొప్పి, లేక విడిచి విడిచి మరల వచ్చు నొప్పి, వేఱు జాతికి చెందినది. వైద్యులు దానిని దీర్ఘకాలిక వేదన అనుచున్నారు. నొప్పి దేహమునకు కాపలావాని గంట వంటిది. ఇంటికి నిప్పంటుకొన్నప్పుడు ఆ గంట మ్రోగుట మేలే. నిప్పు చల్లాఱిన పిమ్మట గూడ గంట ఆగక మ్రోగుచుండుట దీర్ఘవేదనలో ఒక రకము. నిప్పు ఎన్నటికిని ఆఱకపోవుట మఱియొక రకము. ఏ రకమైనను లోపలనున్నవానికి నిద్ర యుండదు. మొదటి వారమున పరామర్శకు వచ్చిన చుట్టములు ఆఱవ మాసమున "ఇంకను తగ్గలేదా?" అందురు. రెండవ యేట ఆ ప్రశ్నయు మానివేయుదురు. నొప్పి అట్లే యుండును; దానిని గూర్చి చెప్పిన మాటకు మాత్రము విలువ తఱిగిపోవును.

అట్టివాడు నల్లమందు జాతికి చెందిన ఔషధమును వాడవలసి వచ్చినచో అనుమానము రెట్టింపగును. మొదట "నొప్పి నిజమేనా?" అని, పిదప "మందు నొప్పికొఱకా, మత్తుకొఱకా?" అని. ఈ రెండు అనుమానముల నడుమ బ్రదుకుచున్నవారి మాటను వినుట ఎట్లో సమాజము నేర్చుకొనవలసి యున్నది. ఇది వైద్యకళాశాలలకు మాత్రమే విడిచిపెట్టదగిన పని కాదు. మాటయే సాక్షియైన చోట మాట నేర్పు బడికిని బాధ్యత కలదు.

ఈ బాధ్యత ఎట్టిదో తెలియుటకు ఒక రచయిత జీవితము తోడ్పడును. "చివరి పాఠము" అను ఫ్రెంచి కథను ఎఱిగిన ఉపాధ్యాయులు, విద్యార్థులు పెక్కండ్రు కలరు. 1870-71 సంవత్సరములలో జరిగిన యుద్ధములో ఫ్రాన్సు ఓడిపోగా, అల్సేస్ ప్రాంతపు బడిలో ఇక ఫ్రెంచి చెప్పరాదని ఆజ్ఞ వచ్చిన నాటి ముచ్చట అది. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి 12వ తరగతి ఆంగ్లవాచకములో చేరుటచే ఆ కథ భారతీయ విద్యార్థులకు మిక్కిలి పరిచితమైనది. దానిని వ్రాసినవాడు ఆల్ఫోన్స్ డోడే. ఆతడు 1840లో దక్షిణ ఫ్రాన్సులోని నీమ్ నగరమున జన్మించి 1897లో మరణించెను. మాతృభాష విలువను అంత హృద్యముగ చెప్పినవాడు తన కడపటి సంవత్సరములను భరింపరాని నొప్పితో గడపినట్లు ఆ పాఠము చదువువారిలో కొద్దిమందికే తెలియును.

డోడేకు యౌవనమున సిఫిలిస్ అను సుఖవ్యాధి సోకినది. పెన్సిలిన్ ఇంకను పుట్టని కాలమది. ఏండ్ల తరువాత ఆ వ్యాధి వెన్నుపామును పట్టెను. కాళ్ళపై పట్టు తప్పెను. మెఱుపుల వలె వచ్చు పోట్లు దేహమంతటను తిరుగసాగెను. ఆనాటి నాడీవైద్యులలో అగ్రగణ్యుడైన షార్కో ఆ రోగమునకు నివారణ లేదని తేల్చెను. వేడినీటి బుగ్గలున్న ఊళ్ళకు పోయి స్నానములు చేసెను. వెన్ను సాగవలెనని యంత్రమునకు వ్రేలాడదీయు చికిత్సను గూడ భరించెను. దేనివలనను గుణము కలుగలేదు. మార్ఫిన్ ఇంజెక్షనులు, నిద్రమందులు మాత్రము మిగిలినవి.

ఆ స్థితిలో డోడే ఒక పని చేసెను. తన నొప్పిని గూర్చి పొట్టి పొట్టి వాక్యములలో టిప్పణములు వ్రాసికొనుచు వచ్చెను. ఏ పోటు ఎక్కడ మొదలైనది, అది దేనిని పోలియున్నది, మందు ఎంతసేపు పనిచేసినది, పిమ్మట ఏమైనది — ఇవి అందలి విషయములు. కథకుడగుటచే ఆతనికి మాటలకు కొఱత లేదు; ఐనను ఒక్కొక్క పోలిక కొఱకు వెదకుకొనవలసి వచ్చినది. ఆ టిప్పణములు ఆతని మరణానంతరము చాలకాలమునకు, 1930లో, పుస్తకముగ వెలువడినవి. వాటికి ఆతడు ఎంచుకొన్న పేరు "లా దూలూ". అది ఫ్రెంచి మాట కాదు. తాను పుట్టిన సీమలో పలుకు ప్రొవాంసాల్ భాషలో నొప్పి అని దాని యర్థము. ఫ్రెంచి భాష కొఱకు చివరి పాఠము వ్రాసినవాడు తన నొప్పికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు పుట్టినింటి పలుకును ఆశ్రయించెను. నొప్పి అడుగునది ఇంటి మాటను. పుస్తకపు భాష ఎంత గొప్పదైనను అంత లోతునకు దిగుట దానికి సులభము కాదు.

ఈ విషయమున తెలుగుభాష దరిద్రురాలు కాదు. ఆస్పత్రి చీటిపై "నొప్పి" అను ఒక్క మాట కనబడవచ్చును గాని, ఇండ్లలో పలుకు మాటలు వేఱు. పుండు సలుపును. పన్ను పోటెత్తును. నడుము పట్టుకొనును. కడుపులో నులిపెట్టును. కీలు కలుక్కుమనును. దెబ్బ చుఱుక్కుమనును. మోకాలిలో కలుగునది ఒకటి, పిక్కలలో కలుగునది మఱియొకటి. తెలంగాణమున "కాలు గుంజుతున్నది" అనువాడును, కోస్తాజిల్లాలలో "కాలు పీకుతోంది" అనునామెయు తమ దేహమును తామే పరిశీలించి చెప్పుచున్నారు. సూదులు గ్రుచ్చినట్లు, చీమలు ప్రాకినట్లు, కారము రాచినట్లు, కరెంటు కొట్టినట్లు అను పోలికలు ఏ కవియు నేర్పినవి కావు. శరీరము నొచ్చును, మనసు నొచ్చును అని రెంటికిని ఒకే క్రియను వాడిన జాతి నొప్పి స్వభావమును చక్కగ గుర్తించినదనవలెను. నొప్పి దేహానుభవము మాత్రమే కాదు, మనోనుభవము గూడ అని అంతర్జాతీయ వేదనా పరిశోధన సంఘమువారు 1979లో నిర్వచించిరి.

ఈ మాటలు అలంకారములు కావు; వైద్యమునకు ఆధారములు. కెనడా దేశపు మనశ్శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించు 78 పదములను 20 వర్గములుగ కూర్చి, రోగి తనకు తగిన పదములను ఎంచుకొనునట్లు ఒక ప్రశ్నావళిని సిద్ధపఱచెను. 2005లో ఫ్రాన్సు వైద్యులు, నరములు దెబ్బతినుటచే కలుగు నొప్పిని గుర్తించుటకు పది అంశముల పట్టిక నొకదానిని ప్రకటించిరి. ఆ పదింటిలో ఏడు రోగి నోటినుండి రావలసినవే: మంట, బాధించు చలి, కరెంటు కొట్టినట్లుండుట, చీమలు ప్రాకినట్లుండుట, సూదులు గ్రుచ్చినట్లుండుట, తిమ్మిరి, దురద. మంటయు తిమ్మిరియు గల నరముల నొప్పికి ఇచ్చు మందు వేఱు; కీలు అరుగుటచే కలుగు నొప్పికి ఇచ్చు మందు వేఱు. కావున రోగి "మంట" అన్నప్పుడు వ్రాయసగాడు "నొప్పి" అని వ్రాసికొన్నచో మందే మాఱిపోవచ్చును. ఒక పల్లెటూరి ముసలమ్మ చెప్పిన పోలికను "నాగరికము" చేయబోయి చెఱచుట ఎంతటి అపకారమో దీనివలన తెలియగలదు.

ఇక మందు సంగతి. గసగసాల మొక్క కాయను గీసినచో కాఱు పాలు ఎండి నల్లమందగును. జర్మనీ దేశపు ఔషధకారుడు జెర్ట్యూర్నర్ 19వ శతాబ్ది తొలి సంవత్సరములలో దానినుండి ముఖ్యసారమును వేఱుచేసి, గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరుమీద దానికి నామకరణము చేసెను. అదే మార్ఫిన్. మనుష్యుని మెదడులోను వెన్నుపాములోను ఈ మందు వచ్చి పట్టుకొను స్థానములు ఉన్నవని 1973లోను, ఆ స్థానములకు తగిన పదార్థములను దేహమే స్వయముగ తయారుచేసికొనునని 1975లోను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. మార్ఫిన్ రోగమును మాన్పదు. గంట మ్రోతను తగ్గించును, అంతే. కాని కాన్సరు ముదిరినవానికి, శస్త్రచికిత్స జరిగినవానికి, ఒడలంతయు కాలినవానికి ఆ "అంతే" అనుదాని విలువ ఎంతయో వారి మంచము ప్రక్కన ఒక రాత్రి కూర్చున్నవారికి తెలియును.

ఐనను ఈ ఉపకారమునకు దేహము వెల చెల్లింపవలెను. మార్ఫిన్ పట్టుకొను స్థానములు ప్రేగులలో గూడ ఉండుటచే వాటి కదలిక మందగించి మలబద్ధము కలుగును. మొదటి దినములలో వికారము, వాంతులు, మగత కలుగవచ్చును. పెక్కుమందికి అవి కొలది దినములలో తగ్గును. మలబద్ధము మాత్రము తగ్గదు; మందు వాడినంత కాలము వెంట నుండును. నోరు ఎండుట, దురద, చెమటలు, మూత్రము బిగియుట కొందఱికి ఉండును. వృద్ధులు తూలిపడుదురు. దీర్ఘకాలము వాడినచో హార్మోనులు తఱుగును. కొందఱికి మందువలననే నొప్పి పెరుగుట యను విపరీతము గూడ కలదు. మోతాదు మించినను, మద్యముతోగాని నిద్రమాత్రలతోగాని కలిసినను, ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చును. నొప్పి లేని మగతయా, తెలివి గల నొప్పియా అను ఈ బేరము ప్రతి ఉదయమును జరుగుచుండును. బడికి పోవలసిన ఉపాధ్యాయుడు ఉదయపు మాత్రను ఒక గంట వెనుకకు జరుపుకొని, రెండవ పీరియడు ముగియులోపల బల్లను పట్టుకొని నిలుచుట ఆ బేరములో ఒక భాగము. చూచువారికి ఆతని సోమరితనము కనబడును, బేరము కనబడదు.

ఈ బాధలలో మలబద్ధమును గూర్చి ప్రత్యేకముగ చెప్పవలెను. అది చిన్న విషయమని, చెప్పుకొనదగని విషయమని తలచుటచే ఎందఱో దానిని దాచుకొందురు. ఆంగ్లరచయిత కోల్రిడ్జి నల్లమందు ద్రావకమునకు లోబడి ఈ కారణముననే ఘోరమైన యాతన పడెను. సిగ్గుపడి చెప్పనివాడు తుదకు ఆ బాధ భరింపలేక నొప్పిమందునే మానివేయును; మరల నొప్పి విజృంభించును. మార్ఫిన్ వ్రాసిన కలమే విరేచనౌషధమును గూడ వ్రాయవలెనని ఉపశమన వైద్యులలో ఒక నానుడి కలదు. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని తెలుగువారి సామెత. కాని ఈ విషయమున అడుగవలసినవాడు రోగి కాదు, వైద్యుడు. "విరేచనము ఎట్లున్నది?" అని ఆయన నిస్సంకోచముగ అడిగినచో రోగి సిగ్గు సగము పోవును.

భాష సరిగా లేకపోవుటచే కలుగు అన్యాయము మఱియొకటి కలదు. "ఆ మందు అలవాటు పడిపోవును" అని ఇంటింటను చెప్పుకొందురు. అలవాటు అను ఈ ఒక్క మాటలో మూడు వేఱు సంగతులు ఇమిడి యున్నవి. మొదటిది: కొంతకాలమునకు అదే మోతాదు మునుపటివలె పనిచేయకపోవుట, ఇది మందు పట్టు సడలుట. రెండవది: హఠాత్తుగా మానినచో ఒళ్ళు నొప్పులు, ఆవులింతలు, ముక్కు కాఱుట, విరేచనములు కలుగుట, ఇది దేహము మందునకు అలవడుట. స్టెరాయిడు మందులను హఠాత్తుగా మానినను దేహము కలతపడును. ఐనను స్టెరాయిడు వాడువానిని వ్యసనపరుడని ఎవ్వరును అనరు. మూడవది: కీడు కలుగుచున్నదని తెలిసియు మనసు ఆ మందుకొఱకే వెంపరలాడుట, దానికై కల్లలాడుట, మోతాదులు దొంగిలించుట. వ్యసనమనదగినది ఇది యొక్కటే. అదియు రోగమే, చికిత్సకు అర్హమైనదే. మొదటి రెంటిని మూడవదానితో కలిపివేయుటచే నిజముగా బాధపడువాడు దోషివలె నిలువబడుచున్నాడు. మూడవది నిజముగా తలయెత్తినప్పుడు దానిని గుర్తించుటయు కష్టమగుచున్నది. మూడు సంగతులకు మూడు మాటలు వాడుట పాండిత్యప్రకర్ష కాదు, న్యాయము.

మాటను వినక భయమునే నమ్మినచో ఏమగునో భారతదేశపు అనుభవమే చెప్పును. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతితో గసగసాల పంట పండును. ఘాజీపూరు, నీమచ్ పట్టణములలో ప్రభుత్వపు నల్లమందు కర్మాగారములు కలవు. అట్టి దేశముననే 1985లో మత్తుపదార్థముల చట్టము వచ్చిన పిమ్మట మార్ఫిన్ దుర్లభమైనది. పలు శాఖల అనుమతులు, తప్పు జరిగినచో పదేండ్ల కారాగారము — వీటికి వెఱచి ఆస్పత్రులు, మందుల దుకాణములు ఆ మందును ఉంచుటయే మానుకొనినవి. ఏటేట వందల కిలోలు వాడిన దేశమున 1997 నాటికి వాడుక సుమారు 18 కిలోలకు దిగజారెను. చట్టము దొంగవర్తకుని ఉద్దేశించినది. దెబ్బ కాన్సరు రోగికి తగిలెను. 1993లో కోళిక్కోడులో డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు ఉపశమన చికిత్సాసంఘమును నెలకొల్పి, జాగ్రత్తగా ఇచ్చినచో మార్ఫిన్ రోగి యింటనే క్షేమముగ వాడదగినదని చూపిరి. 2008లో కేరళ ప్రభుత్వము దానిని రాష్ట్రవిధానముగ చేసెను. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రిలో గూడ ఉపశమన విభాగము వెలసి రెండు తెలుగు రాష్ట్రముల పేదలకు ఆసరా అయ్యెను. 2014లో పార్లమెంటు చట్టమును సవరించి, మార్ఫిన్ మొదలైన ఆఱు మందులకు దేశమంతట ఒకే నియమము ఏర్పడుటకు మార్గము చేసెను. చట్టము మాఱుటకు ఇరువది తొమ్మిదేండ్లు పట్టినవి. ఆ నడుమ చనిపోయినవారు ఎట్లు చనిపోయిరో చెప్పుటకు వారు లేరు.

భయము చేసిన కీడు ఇట్టిదైనచో, భయము బొత్తిగా లేకపోవుట చేసిన కీడు అమెరికాలో కనబడును. 1980లో అక్కడి ప్రముఖ వైద్యపత్రికలో అయిదు వాక్యముల లేఖ యొకటి అచ్చయ్యెను. ఆస్పత్రిలో చేరి నల్లమందు జాతి మందులు పొందిన 11,882 మందిలో నలుగురికి మాత్రమే వ్యసనము కలిగినట్లు నమోదైనదని దాని సారాంశము. ఆస్పత్రిలో, వైద్యుల కన్నుల యెదుట ఇచ్చిన మందును గూర్చిన మాట అది. ఇంటికి తీసికొనిపోయి ఏండ్ల తరబడి వాడిన మందును గూర్చినది కాదు. ఐనను దానిని ప్రమాణముగ చూపి, ఈ మందులకు వ్యసనభయము లేదని ప్రచారము జరిగెను. 2017లో కొందఱు పరిశోధకులు లెక్కించి చూడగా, 608 రచనలు ఆ లేఖను ఉదాహరించినట్లు, వానిలో 439 దానిని వ్యసనము అరుదనుటకే ఆధారముగ వాడినట్లు తేలెను. వారు ఆస్పత్రిలోని రోగులని చెప్పక విడిచిన రచనలు నూటికి ఎనుబది. మూలమును తెఱచి చూడక ఒకరి ఉల్లేఖనమును మఱియొకరు ఉల్లేఖించుట వలని ఫలమిది. 1990ల నుండి నడుము నొప్పికిని మోకాలి నొప్పికిని గూడ ఆ మాత్రలు విచ్చలవిడిగ వ్రాయబడెను. ఆ వఱద దొంగసరకునకు దారితీసెను. 2021లో ఒక్క సంవత్సరమున ఈ జాతి పదార్థములచే ఆ దేశమున 80 వేలకు మించి జనులు మరణించిరి. అందు అధికభాగము దొంగచాటున తయారైన ఫెంటనిల్ వలననే.

అంతట భయము మరల తలయెత్తెను. 2016లో వైద్యులకు హెచ్చరికలు వెలువడగా, ఏండ్లనుండి మందు వాడుచున్నవారికి కూడ దానిని హఠాత్తుగా తగ్గించుట, ఆపుట మొదలయ్యెను. నొప్పియు, మందు మానిన బాధయు కలిసి కొందఱు ఆత్మహత్యకు పూనుకొనిరి. అట్లు హఠాత్తుగా ఆపరాదని 2019లో ఆ దేశపు ఔషధశాఖయే ప్రకటింపవలసి వచ్చెను. 2022లో పూర్వపు సూచనలను సవరించి, ఒక్కొక్క రోగిని ఒక్కొక్క రోగిగనే చూడవలెననిరి. మందు లేదనుటయు, అందఱికి మందే యనుటయు, మరల అందఱికి మానిపించుటయు — ఈ మూడింటిలోను జరుగని పని ఒక్కటే: ఎదుట కూర్చున్నవానిని, "నీ నొప్పి ఎట్టిది? ఈ మందు నీకు ఏమి చేసినది?" అని అడిగి తీరికగా వినుట.

విన్నంతమాత్రమున అడిగినదంతయు ఈయవలెనని కాదు. నడుము, తుంటి, మోకాళ్ళ నొప్పులతో ఏండ్లుగా బాధపడు 240 మందిపై సంవత్సరకాలము నడచి 2018లో ప్రకటితమైన పరిశోధనలో, నల్లమందు జాతి మాత్రలు సామాన్యమైన నొప్పిమాత్రలకంటె మెఱుగుగ పనిచేయలేదని, దుష్ఫలితములు మాత్రము హెచ్చుగ కలిగించెనని తేలినది. ఈ సంగతి తెలుగు దేశమున ప్రతివారును తెలిసికొనదగినది. మోకాళ్ళ నొప్పికి మందుల దుకాణమున చీటి లేకయే అడిగి తెచ్చుకొనుట ఇచ్చట పరిపాటి. అట్లు చేతికి రాగల ట్రమడాల్ అను మాత్ర ఈ జాతికి చెందినదే. 2018లో కేంద్రప్రభుత్వము దానిని మత్తుపదార్థముల చట్టము క్రిందికి తెచ్చినది. తాను వాడుచున్నది ఏ మందో తెలియనివాడు దాని దుష్ఫలితమును గుర్తించుట ఎట్లు? రోగి మాటను వైద్యుడు నమ్మవలెననుటకు ఎంత న్యాయము కలదో, మందు గుణదోషములను వైద్యుడు రోగికి తెలుగులో విప్పిచెప్పవలెననుటకును అంతే న్యాయము కలదు. మాట రెండు వైపులను నడువవలెను.

ఇచ్చట ఓర్పును గూర్చి ఒక ఆక్షేపణ రావచ్చును. పెద్దలు నొప్పిని మౌనముగ భరించిరి కదా, నేటివారికి ఇంత ముచ్చట ఎందులకని కొందఱందురు. ఓర్పు గొప్ప గుణమే. కాని అది తనకు తాను విధించుకొనదగిన వ్రతము. ఇతరులకు విధింపదగిన శిక్ష కాదు. ఓర్పునకు భూదేవి వంటిదని స్త్రీని పొగడిన యిండ్లలో ఆమె నడుమునొప్పి ఎంతకాలము వినబడకుండెనో తలచికొన్నచో ఆ పొగడ్తలోని లోగుట్టు బయటపడును. తనదాక వచ్చిన గాని తెలియదనుట నొప్పి విషయమున అక్షరాల సత్యము. పెద్దల మౌనము వారి సుఖమునకు గుర్తు కాదు. వారిని ఎవ్వరును అడుగలేదు, అంతే.

బడిలో ఈ విషయము ఊహామాత్రము కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణముల ఏజెన్సీ ప్రాంతములలో సికిల్ సెల్ అను వంశపారంపర్యపు రక్తవ్యాధి గల పిల్లలున్నారు. వారి రక్తకణములు కొడవలివలె వంగి సన్నని నాళములలో చిక్కుకొన్నప్పుడు ఎముకలలో దారుణమైన నొప్పి పుట్టును. కొన్ని వేళల మార్ఫిన్ వంటి మందునే ఈయవలసి వచ్చును. నిన్న ఆటలాడిన బాలుడు నేడు మోకాళ్ళు ముడుచుకొని కూర్చుండును. ఎల్లుండి మరల ఆడును. ఈ వ్యాధిని ఎఱుగని ఉపాధ్యాయునికి అది బడి ఎగవేతకు పన్నిన నాటకమని తోచుట సహజము. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలింపవలెనని 2023లో కేంద్రప్రభుత్వము ఒక ఉద్యమమును ప్రారంభించినది. రక్తపరీక్ష ఆ వ్యాధిని పట్టగలదు. ఆ పూట నొప్పిని పట్టలేదు. దానిని పట్టవలసినది ఉపాధ్యాయుడే. కోయ పలుకులోనో, గోండీలోనో, తన ఊరి తెలుగులోనో బాలుడు చెప్పిన మాటను తప్పు దిద్దక, నవ్వక వినుట ఆ బాలునికి తొలి చికిత్స. మాటలు చాలనివారును కలరు. పసిబిడ్డలు, మతిమఱుపు వచ్చిన వృద్ధులు. చెప్పలేకపోయినంతమాత్రమున నొప్పి లేదనరాదని అంతర్జాతీయ సంఘమువారు 2020లో తమ నిర్వచనమునకు వివరణ చేర్చిరి. వారి విషయమున ముఖమును, మూలుగును చదువవలసి యుండును.

తెలుగు బోధించువారికి ఇందులో ఒక పని కలదు. వసంతమును, వెన్నెలను వర్ణింపుమని పిల్లలకు వ్యాసములిచ్చుట చిరకాలముగ నడచుచున్నది, అది మంచిదే. ఏడాదికొక మాఱు "నీకు వచ్చిన ఒక నొప్పిని, ఎన్నడును దానిని ఎఱుగనివానికి తెలియునట్లు వ్రాయుము" అని అడిగి చూడవచ్చును. సలుపునకు, పోటునకు గల భేదము పిల్లవానికి అప్పుడు తెలియును. తోటివాడు వ్రాసినది చదివినప్పుడు తాను ఎఱుగని బాధ యొకటి లోకమున ఉన్నదనియు తెలియును. ఆ తరగతినుండి ఒకడు వైద్యుడు కావచ్చును, ఒకతె నర్సు కావచ్చును, ఒకడు మందుల దుకాణము పెట్టవచ్చును, ఒకరు చట్టములు చేయవచ్చును. అందఱును ఏదో యొకనాడు రోగులగుదురు, లేక రోగి మంచము ప్రక్కన కూర్చుందురు. ఆనాడు వారి నోటికి సరియైన మాట, చెవికి వినగల ఓపిక ఉండుట, బడి ఇచ్చిన చదువులో చిన్న భాగము కాజాలదు.